మూడేళ్లు సైనికుడు, ముప్పై అయిదేళ్లు బడిపంతులు: మా తాతగారి జీవితాన్ని ఎలా రాయాలి?

ప్రశ్న: కోనసీమ మనవరాలు

అందరికీ నమస్కారం. అమ్మ తండ్రిగారైన మా తాతగారు 98 ఏళ్లు నిండాక కాలం చేశారు. త్వరలో సంవత్సరీకం వస్తోంది. ఆ రోజుకి ఆయన జీవితాన్ని ఒక చిన్న పుస్తకంగా అచ్చువేయించి, బంధువులకూ ఆయన దగ్గర చదువుకున్నవారికీ పంచాలని అనుకున్నాం. రాసే బాధ్యత నా మీద పడింది. ఆయనతో ఒకే ఇంట్లో ఇన్నేళ్లు ఉండి నేను ఆయనను అడిగి తెలుసుకున్నది ఎంత తక్కువో, రాయడానికి కూర్చున్నాక గాని తెలియలేదు.

తాతగారు 1926 జూన్‌లో పుట్టారు. 1943లో ఇంట్లో చెప్పకుండా వెళ్లి పట్టాళంలో చేరారు. బెంగుళూరు, హలసూరు చెరువు, శాపర్లు అన్న మాటలు ఆయన నోట చాలాసార్లు విన్నాను. బర్మా వెళ్లారని తెలుసు గాని అక్కడ ఏం చూశారో, ఏం చేశారో ఎవరికీ చెప్పలేదు. 1946లో తిరిగివచ్చి, ట్రైనింగు పూర్తిచేసి, 1948లో బోర్డు స్కూల్లో ఉపాధ్యాయుడిగా చేరారు. ఆ తర్వాత ఆయన జీవితమంతా బడే.

కాగితాలు చాలావరకు 1986 ఆగస్టు వరదల్లో తడిసి పాడైపోయాయి. మిగిలింది ఒక రేకు ట్రంకు పెట్టె. అందులో ఆరు కోణాల నక్షత్రం ఆకారంలో ఉన్న పసుపు లోహపు పతకాలు రెండు ఉన్నాయి. ఒకదానిపై 'బర్మా స్టార్' అని చదవగలిగాను. రాజు తల ఉన్న గుండ్రని పతకం మరొకటి. పెన్షను కాగితాలు, పాత గ్రూపు ఫొటో ఒకటి, కొసలు చెక్కిన నాలుగు వెదురు మేకులు, వరసగా ముడులు వేసిన ఒక తాడు కూడా ఉన్నాయి. ప్రతి సంవత్సరం కొత్త డైరీ మొదటి పేజీలో ఆయన ఒక తమిళ పేరూ, దాని పక్కన ఒక నంబరూ రాసుకునేవారు. అది ఎవరి పేరని అడిగితే "నాతో ఉండేవాడు" అని మాత్రం అనేవారు.

మా మేనమామగారు పుస్తకం అట్టపై 'శౌర్య పతక గ్రహీత' అని వేయించాలంటున్నారు. అలా వేయవచ్చునా? మరొక విషయం అమ్మను ఎంతో బాధపెడుతోంది. పెన్షను కాగితాల్లో ఆయన పదవీ విరమణ తేదీ 1983 ఫిబ్రవరి 28 అని ఉంది. అప్పటికి ఆయనకు 58 ఏళ్లు నిండలేదు. ఏదో తప్పు జరిగి ముందే ఇంటికి పంపేశారని ఊళ్లో ఎవరో అన్నారట. తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: విశ్రాంత సుబేదారు, విశాఖపట్నం

అమ్మా, ముందుగా మీ తాతగారికి నా వందనం.

శాపర్లు, హలసూరు చెరువు అన్నారు కాబట్టి ఆయన పనిచేసింది మద్రాసు శాపర్స్ అండ్ మైనర్స్‌లో అనుకోవచ్చు. దానినే ఇప్పుడు మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ అంటున్నారు. దాని కేంద్రం నేటికీ ఆ చెరువు పక్కనే ఉంది. శాపర్ అంటే సైన్యంలో ఇంజనీరింగు పని చేసే జవాను. దారి వేయడం, వంతెన కట్టడం, మందుపాతరలు తీయడం వీరి పనులు. పోరాడే దళం నది దాటాలంటే ముందుగా ఆ ఒడ్డుకు చేరుకోవలసింది వీరే.

మీ దగ్గర ఉన్న మూడు పతకాలూ యుద్ధంలో పాల్గొన్నందుకు ఇచ్చినవే గాని శౌర్యానికి ఇచ్చినవి కావు. బర్మా స్టార్ 1941 డిసెంబరు 11 నుంచి 1945 సెప్టెంబరు 2 వరకు బర్మా రంగంలో సేవ చేసినవారికి ఇచ్చారు. రెండో నక్షత్రం 1939-45 స్టార్ అయివుండాలి. దానికి సాధారణంగా యుద్ధరంగంలో ఆరు నెలల సేవ అవసరం. గుండ్రనిది వార్ మెడల్ అయివుండాలి. రిబ్బన్లు వెలిసిపోయినా వెనుకవైపు రంగు కొంత నిలిచి ఉంటుంది. మధ్యలో వెడల్పాటి ఎరుపు, ఇరువైపులా ముదురు నీలం, ఆ నీలంలో సన్నని నారింజ చార కనిపిస్తే అది బర్మా స్టార్‌ది.

మీ మేనమామగారి అభిమానం నాకు అర్థమవుతుంది. అయినా అట్టపై ఆ మాట దయచేసి వేయించకండి. పదిహేడేళ్ల కుర్రవాడు బర్మా అడవుల్లో పనిచేసి ప్రాణాలతో తిరిగివచ్చాడన్నది నిజం. ఆయన తనకు తానుగా ఎన్నడూ చెప్పుకోని బిరుదును, చనిపోయాక మనం తగిలించకూడదు. అదేవిధంగా 1944 డిసెంబరులో కలేవా దగ్గర చింద్విన్ నదిపై వెయ్యి అడుగులకు మించిన బెయిలీ వంతెన (ముందే తయారుచేసిన ఉక్కు భాగాలను బిగించి కట్టేది) కట్టారని, అప్పటికి ప్రపంచంలో అదే అతి పొడవైన బెయిలీ వంతెన అని పుస్తకాల్లో చదువుతారు. ఆయన ఏ కంపెనీలో ఉన్నారో తెలియకుండా ఆ వంతెన కట్టినవారిలో ఆయనను చేర్చకండి.

పెన్షను లేకుండా విడుదలైన సైనికుల సర్వీసు కాగితాలను 25 ఏళ్ల తర్వాత తీసివేసే పద్ధతి ఉంది. కాబట్టి బెంగుళూరు రికార్డ్స్ కార్యాలయానికి రాయండి గాని ఆశలన్నీ దానిపైనే పెట్టుకోకండి. అంతకంటే ముందు మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. రెండో ప్రపంచ యుద్ధ సైనికులకు ఇచ్చే నెలవారీ సహాయం ఆయన ఎప్పుడైనా తీసుకుని ఉంటే, ఆ దరఖాస్తుతో జతచేసిన డిశ్చార్జి పత్రం నకలు అక్కడి ఫైల్లో ఉండవచ్చు.

డైరీలోని నంబరు బహుశా ఆ స్నేహితుని సర్వీసు నంబరు. యాంగోన్ (పాత పేరు రంగూన్) దగ్గర తౌక్యాన్‌లో ఉన్న రంగూన్ మెమోరియల్‌పై, సమాధి తెలియని దాదాపు 27,000 మంది పేర్లు చెక్కారు. వారిలో అధికులు మన దేశం నుంచి వెళ్లినవారే. ఇటువంటి యుద్ధ స్మారకాలను చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో పేరుతోనూ నంబరుతోనూ వెతకవచ్చు.

జవాబు: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, కాకినాడ

అమ్మగారికి ఈ మాట ఈరోజే చెప్పండి. మీ తాతగారిని ఎవరూ తీసివేయలేదు. 1983 ఫిబ్రవరిలో రాష్ట్రంలో పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించారు. అప్పటికే 55 దాటి, ఇంకా 58 నిండనివారందరూ ఫిబ్రవరి 28న ఒక్కసారిగా విరమించవలసి వచ్చింది. మా నాన్నగారు కూడా ఆ సాయంత్రమే బడి తాళాలు అప్పగించి ఇంటికి వచ్చారు. మరునాడు ఉదయం అలవాటు ప్రకారం తొమ్మిదింటికి చొక్కా తొడుక్కుని, గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయారు. 1984 ఆగస్టులో వయసును తిరిగి 58 చేశారు గాని 1926 జూన్‌లో పుట్టిన మీ తాతగారికి అప్పటికే 58 నిండిపోయాయి. పుస్తకంలో ఈ కారణాన్ని స్పష్టంగా రాయండి. ఊళ్లో పుట్టిన మాట అక్కడితో ఆగుతుంది.

బడి సంగతులు దొరకడం మీరనుకున్నంత కష్టం కాదు. 1959లో పంచాయతీ సమితులు ఏర్పడ్డాక పాత బోర్డు ప్రాథమిక పాఠశాలలు వాటి కిందకు వచ్చాయి, తర్వాత మండల పరిషత్తుల కిందకు వెళ్లాయి. పేరు మారినా బడి అక్కడే ఉంటుంది, అడ్మిషన్ రిజిస్టరు సాధారణంగా పారేయరు. ఆయన పనిచేసిన ప్రతి ఊరికీ వెళ్లి చూడండి. ఇన్‌స్పెక్టర్లు వచ్చినప్పుడు రాసిన లాగ్ బుక్కు దొరికిందంటే అంతకంటే మంచి ఆధారం లేదు. ఏ తరగతికి ఏ పాఠం చెబుతుండగా చూశారో కూడా అందులో రాసేవారు.

ఒక్క సలహా. సైనిక జీవితం ఒక అధ్యాయం, ఉపాధ్యాయ జీవితం ఒక అధ్యాయం అని విడగొట్టకండి. మూడేళ్లలో నేర్చుకున్నది ముప్పై అయిదేళ్ల పాఠాల్లో ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది. ఆయన శిష్యుల్లో పెద్దవారికి ఇప్పుడు ఎనభై దాటి ఉంటాయి. కాగితాల కంటే ముందు వారిని కలవండి.

జవాబు: పాత విద్యార్థి, హైదరాబాదు

అమ్మా, మీరు చెప్పిన మేకులూ తాడూ చదవగానే నా చేతులు వణికాయి. 1958లో నేను అయిదో తరగతి. మా బడి పక్కన పంటకాలువ ఉండేది. మా మాస్టారు మీ తాతగారేనని నాకు అనుమానం లేదు, ఎందుకంటే అటువంటి మేకులతో పాఠం చెప్పిన మరొక మాస్టారిని నేను చూడలేదు.

ఒకరోజు అందరినీ కాలువ గట్టుకు తీసుకెళ్లి, నీళ్లలో దిగకుండా కాలువ వెడల్పు చెప్పాలన్నారు. అవతలి గట్టున ఉన్న కొబ్బరిచెట్టుకు సరిగ్గా ఎదురుగా ఇవతల ఒక మేకు పాతారు. గట్టు వెంబడి ఇరవై అంగలు నడిచి రెండోది, మళ్లీ ఇరవై అంగలు నడిచి మూడోది పాతారు. ఆయన అంగ అంటే 30 అంగుళాలు, ఎన్నిసార్లు కొలిచినా అంతే. తర్వాత ఆ తాడు తీశారు. అందులో సమానమైన పన్నెండు భాగాలు ఉంటాయి. మూడు, నాలుగు, అయిదు భాగాలుగా ముగ్గురం పట్టుకుని లాగితే మూలమట్టం కుదురుతుంది. మూడో మేకు దగ్గర అలా మూలమట్టం పెట్టి, కాలువకు వీపు చేసి పొలంలోకి నన్ను నడిపించారు. రెండో మేకూ ఆ కొబ్బరిచెట్టూ ఒకే వరసలోకి వచ్చినచోట ఆగమన్నారు. అక్కడ నాలుగో మేకు. మూడో మేకు నుంచి అక్కడికి ఎంత దూరమో, కాలువ వెడల్పు అంత.

మేము నమ్మలేదు. ఆయన కోప్పడలేదు. వేసవిలో కాలువలు కట్టేశాక మళ్లీ తీసుకెళ్లి, ఎండిన అడుగున మా చేత టేపు పట్టించి కొలిపించారు. అడుగు తేడా కూడా రాలేదు. ఇది ఎక్కడ నేర్చుకున్నారని నేను అడిగాను. "నీళ్లు దాటేముందు వెడల్పు తెలియాలిరా, లేకపోతే తాడు చాలదు" అన్నారు. అంతకు మించి చెప్పలేదు. సర్వసమాన త్రిభుజాలు అన్న మాట నేను హైస్కూల్లో విన్నాను. విన్నప్పుడు నాకు కాలువ గట్టే కనిపించింది. తర్వాత నేను నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేశాను.

కోనసీమ మనవరాలు

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. 1983 సంగతి చదివి వినిపించగానే అమ్మ చాలాసేపు ఏడ్చింది. మేనమామగారు కూడా ఆ బిరుదు వద్దని ఒప్పుకున్నారు.

సుబేదారుగారూ, డైరీలోని నంబరుతో వెతికాను. ఆ పేరు తౌక్యాన్ స్మారకంపై ఉంది. 1945లో చనిపోయారు. తాతగారు అన్ని డైరీలలోనూ ఆ పేరు ఎందుకు రాశారో ఇప్పుడు తెలిసింది. పుస్తకం మొదటి పేజీని ఆ పేరుకే వదిలిపెడతాను.

ఇంజనీరుగారూ, తాడుకు ముడులు లెక్కపెట్టాను. పన్నెండు భాగాలు. ఆ కాలువ పాఠం మీ చేతిరాతతోనే పంపగలరా? దాన్ని అలాగే అచ్చువేయిస్తాము. గ్రూపు ఫొటో కూడా మీకు పంపుతున్నాను. రెండో వరసలో ఒక అబ్బాయి చేతిలో మేకు ఉంది. అది మీరేనా, చూసి చెప్పండి.