లెదర్ జాకెట్లు హోల్‌సేల్‌లో కొనేముందు ప్రతి పీసూ విప్పి చూడాలా, శాంపిల్ సరిపోతుందా?

హన్మకొండ షాపు:

అందరికీ నమస్కారం. మాది హన్మకొండలో రెడీమేడ్ బట్టల షాపు. దసరా దాటితే జాకెట్ల గిరాకీ మొదలై సంక్రాంతి దాకా నడుస్తుంది. ఈసారి ఢిల్లీ నుంచి 120 లెదర్ జాకెట్లకు బేరం కుదిరింది. అడ్వాన్స్ ఇచ్చాను. నేనే వచ్చి ఒక్కో పీసు చూసుకుని మిగతా డబ్బు కడతానంటే అవతలి వ్యాపారి ఒప్పుకోవడం లేదు. "పెట్టెకు రెండు తీసి చూసుకోండి, అందరూ అలాగే తీసుకెళ్తారు" అంటున్నాడు.

నా పట్టుదలకు కారణం ఉంది. పోయిన ఏడాది వేరే చోట 60 కొన్నాను. పైనున్న నాలుగు చూసి సరే అన్నాను. ఇక్కడికి వచ్చాక విప్పితే 14 పీసులు అమ్మడానికి పనికిరాలేదు. ఐదింటికి ఒక చెయ్యి ఒక రంగు, ఇంకో చెయ్యి ఇంకో రంగు. మూడింటికి కాలర్ కింద బూజు. మిగతావాటికి జిప్ పడదు, జేబు అస్తర్ చిరిగి ఉంది. ఫోన్ చేస్తే "మీరు చూసుకునే తీసుకున్నారు కదా" అన్నారు. ఆ మాట ఇప్పటికీ మనసులోంచి పోలేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, నేను అడిగేది అతిగా ఉందా?

పాత వ్యాపారి, వరంగల్:

తమ్ముడూ, అతిగానే ఉంది. ముప్పై ఏళ్ల నుంచి సరుకు తెప్పిస్తున్నాను కాబట్టి చెబుతున్నా. మన ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి కొనేవాళ్లు ప్రతి కాయా చూస్తారా? బస్తాలో చెయ్యి పెట్టి పిడికెడు తీస్తారు, రంగు, తేమ చూస్తారు, ధర చెబుతారు. లక్షల బస్తాలు అలాగే అమ్ముడవుతున్నాయి.

సీజన్‌లో ఆ వ్యాపారి దగ్గరికి నీకన్నా పెద్ద పార్టీలు వస్తాయి. వాటిని పక్కన పెట్టి నీ కోసం రోజంతా పెట్టెలు విప్పి కూర్చోమంటే ఎందుకు కూర్చుంటాడు? విప్పినవి మళ్లీ ఆ మడతలో పడవు, అది అతనికి నష్టం. వచ్చే ఏడు నీకు మంచి సరుకు ఇవ్వడు. నేను పార్టీని చూసి కొంటాను. పోయినసారి నీ తప్పు సరుకు విప్పకపోవడం కాదు, ముందూ వెనకా తెలియని మనిషి దగ్గర కొనడం.

టైలర్, కాజీపేట:

పెద్దాయన అనుభవం మీద గౌరవంతోనే చెబుతున్నాను, మిర్చికీ తోలుకూ పోలిక కుదరదు. గుడ్డకు కూడా కుదరదు. ఒక తాను గుడ్డలోంచి వంద చొక్కాలు కుడితే ఒకటి చూసి మిగతావి చెప్పొచ్చు. గొర్రె తోలుతోనో మేక తోలుతోనో జాకెట్ కుడితే ఒక్కదానికే ఆరేడు తోళ్లు పడతాయి. ఒక్కో తోలు ఒక్కో జంతువుది. పక్క పీసు బాగుందంటే ఈ పీసు బాగున్నట్టు కాదు.

నా దగ్గరికి రిపేరుకు వచ్చేవాటిలో ఎక్కువగా కనిపించేది చెబుతా. వీపు మీద మంచి తోలు వేస్తారు, చంక కింద, పక్కల్లో జంతువు పొట్ట భాగం తోలు ముక్క కలిపేస్తారు. దుకాణంలో తగిలించినప్పుడు తేడా తెలియదు. తోలును పైవైపు లోపలికి వచ్చేలా వేళ్ల మధ్య వంచి చూడండి. మంచి తోలుకు సన్నటి గీతలు పడి, వదలగానే సర్దుకుంటాయి. పొట్ట భాగానికి లావుపాటి ముడతలు పడతాయి, పైపొర లోపలి నుంచి విడిపోయి లేచినట్టు ఉంటుంది. ఆరు నెలలు వేసుకుంటే ఆ చోటే మొదట పాడవుతుంది.

రంగు ట్యూబ్‌లైట్ కింద చూడకండి. గుమ్మం దగ్గరికి తెచ్చి పగటి వెలుగులో రెండు చేతులూ పక్కపక్కన పెట్టి, కాలర్‌నూ ఛాతీ ముక్కనూ కలిపి చూడండి. తెల్లటి కాటన్ గుడ్డ తడిపి, పిండి, మోచేతి దగ్గర పదిసార్లు రుద్దండి. గుడ్డకు రంగు అంటితే ఆ రంగు రేపు కొన్నవాడి చొక్కాకు అంటుతుంది.

ఇక కుట్టు. గుడ్డకు కుట్టు విప్పి మళ్లీ వేస్తే సూది కన్నం పూడుకుపోతుంది. తోలుకు పడ్డ కన్నం జీవితాంతం ఉంటుంది. అందుకే కుట్టు పక్కన ఖాళీ కన్నాలు వరుసగా కనిపిస్తే ఆ పీసును ఒకసారి విప్పి సరిచేశారని అర్థం. టాకాలు మరీ దగ్గరగా పడ్డా మంచిది కాదు, పోస్టల్ స్టాంపు చింపినట్టు ఆ గీత వెంటే తోలు తెగుతుంది. ఇవి వచ్చాక నేను కాదు కదా, ఎవరూ బాగు చెయ్యలేరు. జిప్ మారుస్తాను, అస్తర్ మారుస్తాను, తోలును మార్చలేను కదా. అందుకే అంటున్నా, ప్రతి పీసూ చూడాల్సిందే.

రాణిపేటలో పనిచేశాను:

మాది జగిత్యాల. తమిళనాడులో రాణిపేట లెదర్ ఫ్యాక్టరీలో నాలుగేళ్లు క్వాలిటీ చెకింగ్‌లో ఉన్నాను. ఎగుమతి సరుకును శాంపిల్ మీదే పాస్ చేస్తారు, కానీ అది పెట్టెకు రెండు అనే లెక్క కాదు. దానికి ఐఎస్ఓ 2859 అనే పట్టిక ఉంది. సాధారణ స్థాయిలో 91 నుంచి 150 పీసుల లాట్‌కు 20 తియ్యాలి. పెద్ద లోపాలకు మామూలుగా పెట్టుకునే 2.5 శాతం హద్దు ప్రకారం 20లో ఒక్కటి చెడిపోతే పాస్, రెండు చెడితే లాట్ మొత్తం వాపస్. ఏ పెట్టెలోంచి ఏ పీసు తియ్యాలో చెక్ చేసేవాడే ఎంచుకుంటాడు, సరుకు ఇచ్చేవాడు కాదు.

అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. మీ 120లో 12 చెడ్డవి ఉన్నాయనుకుందాం. 20 తీసి చూస్తే రెండు దొరక్కుండా లాట్ పాస్ అయిపోయే అవకాశం మూడో వంతుకు పైనే. వేల పీసులు కొనే కంపెనీకి ఆ నష్టం కలిసిపోతుంది. 120 కొనే షాపుకు 12 పీసులంటే సీజన్ లాభం అక్కడే పోయినట్టు. పీసుకు నాలుగు నిమిషాలు వేసుకున్నా 120కి ఎనిమిది గంటలు. ఇద్దరు కూర్చుంటే ఒక పూట పని. కాకపోతే గంటకోసారి లేచి తిరగండి, అలసిన కళ్లకు మూడో గంట నుంచి అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి. మేం అలా వదిలేసినవి కస్టమర్ దగ్గర దొరికి తిట్లు తిన్నాం.

బూజు గురించి ఒక మాట. వానాకాలంలో ప్లాస్టిక్ కవర్లలో ప్యాక్ చేసిన సరుకుకు తెల్లటి పొడి కనిపిస్తే వెంటనే బూజు అనుకోకండి. తోలులోని కొవ్వు పైకి తేలినా అలాగే ఉంటుంది. హెయిర్ డ్రయర్‌తో వేడి గాలి కొట్టండి. కొవ్వయితే కరిగి మాయమవుతుంది, బూజయితే అలాగే ఉండి ముక్కిన వాసన వస్తుంది. కొవ్వును తుడుచుకోవచ్చు. బూజు పట్టిన పెట్టెను మాత్రం మొత్తం వదిలెయ్యండి.

వకీలు, కరీంనగర్:

హన్మకొండ సోదరా, మీరు అడిగేది అతి కాదు, హక్కు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 41వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, కొనేవాడు అడిగినప్పుడు సరుకు పరీక్షించుకునే తగిన అవకాశం అమ్మేవాడు ఇవ్వాలి. శాంపిల్ చూపించి అమ్మితే మొత్తం సరుకు ఆ శాంపిల్‌లాగే ఉండాలని 17వ సెక్షన్ చెబుతుంది.

పోయిన ఏడాది మీకు జరిగింది 16వ సెక్షన్ వల్ల వచ్చే చిక్కు. సరుకును పరీక్షించి కొన్నాక, ఆ పరీక్షలో కనిపించాల్సిన లోపాల గురించి తర్వాత అడగడం కష్టం. అంటే చూసినట్టు చూసి వదిలేయడం అసలు చూడకపోవడం కన్నా నష్టం. చూస్తే పూర్తిగా చూడండి, లేదా ఇవి శాంపిల్ మాత్రమే అని వాట్సాప్‌లోనైనా రాయించుకోండి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్దాంలే అనుకోకండి. మళ్లీ అమ్మడానికి కొన్నవాడు 2019 చట్టం ప్రకారం వినియోగదారుడు కాడు, మీకు సివిల్ కోర్టే దిక్కు. పదో పదిహేనో జాకెట్ల కోసం ఢిల్లీ వ్యాపారి మీద కేసు నడిపే ఓపిక ఎవరికి ఉంటుంది? అందుకే డబ్బు కట్టకముందు చూసుకోవడమే మీ అసలు రక్షణ.

గోదావరిఖని నుంచి:

నేను కొనేవాడిని, వ్యాపారిని కాను. సింగరేణిలో ఉద్యోగం. చలికాలం నైట్ షిఫ్ట్ అయ్యాక తెల్లవారుజామున బండి మీద ఇంటికి వస్తాను. మా నాన్నకు కూడా ఉంటుందని మూడేళ్ల కింద రెండు జాకెట్లు కొన్నాను, అసలు లెదర్ అన్నారు. రెండో చలికాలానికి భుజాల మీద పొట్టు లేచి, కింద గుడ్డ బయటపడింది. రెగ్జిన్. షాపతను మంచివాడే, తనకూ తెలియదని ఏడుపు మొహంతో చెప్పాడు. నమ్మాను కూడా. కానీ ఆయన ఒక్కసారి జేబు లోపలి అంచు తిప్పి చూసి ఉంటే పీచు ఉందా, గుడ్డ ఉందా అక్కడే తెలిసేది. శాంపిల్ చాలని మీరంతా వాదించుకునేటప్పుడు, ఆ చూడని పీసు చివరికి ఎవరో ఒకరి ఒంటి మీదికి వస్తుందని గుర్తుంచుకోండి.

పాత వ్యాపారి, వరంగల్:

తమ్ముడు చెప్పింది బాధ కలిగించింది. ఒప్పుకుంటాను, తోలు సంగతి వేరు. టైలర్ చెప్పిన సూది కన్నాల సంగతి నాకు తెలియదు, ఇన్నేళ్లూ గుడ్డ సరుకే ఎక్కువ చేశాను. కానీ ఒక మాట మీద ఉంటాను. అవతలివాణ్ని దొంగలా చూసి పెట్టెలు విప్పకు. ముందే ఫోన్ చేసి, ఏ లోపం ఉంటే పీసు పక్కన పెడతావో చెప్పు, దాని బదులు ఇంకోటి ఇస్తాడా అడుగు. విప్పినదాన్ని నీ చేత్తో మళ్లీ మడత పెట్టు. కూలి ఖర్చు నువ్వు పెట్టుకో. అప్పుడు ఎవడూ కాదనడు.

హన్మకొండ షాపు:

పెద్దన్న చెప్పినట్టే నిన్న ఫోన్ చేశాను. నాలుగు లోపాలు చెప్పాను: రంగు తేడా, పొట్ట తోలు, ఖాళీ కన్నాలు, బూజు. జిప్, అస్తర్ నేను బాగు చేయించుకుంటానన్నాను, వాటికి పీసుకు కొంత తగ్గించమన్నాను. మడత పెట్టే మనిషి కూలి నాదే అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "పొద్దున తొమ్మిదికి రండి, మధ్యాహ్నం రెండు తర్వాత నాకు వేరే పార్టీ ఉంది" అన్నాడు. అదే మాట మెసేజ్‌లో కూడా పెట్టమన్నాను, పెట్టాడు.

ఐదు గంటల్లో 120 ఒక్కడి వల్ల కాదు. కాజీపేట అన్నా, రానూపోనూ టికెట్లు, రెండు రోజుల కూలి నావి, తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌కు నాతో వస్తారా? తెల్ల గుడ్డలు, హెయిర్ డ్రయర్ నేను తెస్తాను.

టైలర్, కాజీపేట:

వస్తాను. గుడ్డలు పాత ధోవతివి తేండి, కొత్త గుడ్డకు గంజి ఉంటుంది, రంగు సరిగ్గా అంటదు.