కొత్త జీటీ-ఆర్ టెస్ట్ కారు ఎప్పుడు కనిపించవచ్చు?

ప్రశ్న (అనంతపురం)

అందరికీ నమస్కారం. నిస్సాన్ స్పోర్ట్స్ కారు జీటీ-ఆర్‌లో ఆర్35 అనే తరం తయారీ 2025 ఆగస్టులో జపాన్‌లోని తొచిగి ప్లాంటులో ఆగిపోయింది. 2007లో మొదలై, దాదాపు 48 వేల కార్ల వరకు సాగిన ఆ మోడల్ తరువాత వచ్చే కారు కోసం నేను ఎంతో ఆత్రంగా ఎదురుచూస్తున్నాను. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ప్లాంటు ఉండడం వల్ల, ఒళ్లంతా నలుపు తెలుపు గీతల స్టిక్కర్లు అంటించుకున్న టెస్ట్ కార్లు 44వ నంబరు జాతీయ రహదారి మీద కనిపించడం మా వైపు వారికి కొత్తేమీ కాదు. అలాంటి కారు కనిపించిందంటే కొన్ని నెలల్లో షోరూముకు వస్తుందని ఇక్కడ అందరూ లెక్క వేసుకుంటారు. ఇదే లెక్క జీటీ-ఆర్‌కు పనికివస్తుందా? "కొత్త జీటీ-ఆర్ దొరికిపోయింది" అంటూ యూట్యూబులో వస్తున్న వీడియోలను ఎంతవరకు నమ్మవచ్చు? మొదటి టెస్ట్ కారు ఎక్కడ కనిపిస్తుంది, మన దేశానికి ఎప్పుడు వస్తుంది అన్నది కూడా తెలిసినవారు వివరించగలరు.

సమాధానం (కడప)

నేను మెకానికల్ ఇంజనీరింగ్ విద్యార్థులకు పాఠాలు చెబుతాను కనుక, ముందుగా టెస్ట్ కారు దశల గురించి రాస్తాను, ఎందుకంటే వీడియోల విషయంలో మోసపోయేది అక్కడే. మీరు హైవే మీద చూసేది దాదాపు చివరి దశ. అప్పటికి బాడీ పూర్తిగా ఖరారై, ప్లాంటులో అచ్చులు కూడా సిద్ధమై ఉంటాయి. గీతల స్టిక్కర్లు ఆకారాన్ని కంటికి అందకుండా చేయడానికి మాత్రమే. అంతకు చాలా ముందు మ్యూల్ అనే దశ ఒకటి ఉంటుంది. కొత్త ఇంజను, గేర్‌బాక్సు, సస్పెన్షన్‌ను ఏదో ఒక పాత కారు బాడీ కింద బిగించి తిప్పుతారు. ఆర్35కు అలాగే స్కైలైన్ కూపే బాడీని వాడారు. దారిన పోయేవారికి అది మామూలు స్కైలైన్‌లాగానే కనిపిస్తుంది. వెడల్పు చేసిన చక్రాల తోరణాలు, పెద్ద బ్రేకు డిస్కులు, వేరే తీరు సైలెన్సరు గమనించినవారికే అసలు సంగతి తెలుస్తుంది. కాబట్టి మొట్టమొదటి స్పై ఫొటోలోనే (రహస్యంగా తీసిన ఫొటోలోనే) కొత్త ఆకారం మొత్తం స్పష్టంగా కనిపిస్తోందంటే దాన్ని అనుమానించాల్సిందే. నేనైతే దీపాలను చూస్తాను. మొదటి దశల్లో ఎక్కడివో తాత్కాలిక దీపాలు పెడతారు. అసలు హెడ్‌ల్యాంపులు, టెయిల్ ల్యాంపులు వచ్చాయంటే లాంచ్ దగ్గరపడినట్లే.

ఇక కాలం మాట. ఆర్35 కాన్సెప్టును (ఆలోచనను చూపే నమూనా కారును) 2001లో, ప్రోటోను (అసలు కారుకు దగ్గరి నమూనాను) 2005లో, అసలు కారును 2007 అక్టోబరులో చూపించారు, మూడు సార్లూ టోక్యో మోటార్ షోలోనే. జపాన్‌లో అమ్మకాలు 2007 డిసెంబరులో మొదలయ్యాయి. అంటే తొలి కాన్సెప్టు నుంచి షోరూము దాకా ఆరేళ్లు. ఇప్పటి కారు సంగతికి వస్తే, ఆర్35 ముగింపు సమయంలో నిస్సాన్ అధిపతి ఇవాన్ ఎస్పినోసా జీటీ-ఆర్ పేరు తప్పక తిరిగివస్తుందని చెబుతూనే, కచ్చితమైన ప్రణాళిక ఇంకా ఖరారు కాలేదని కూడా స్పష్టంగా చెప్పారు. 2025 మేలో ప్రకటించిన పునర్వ్యవస్థీకరణలో ఒక కొత్త కారు అభివృద్ధిని 37 నెలలకు తగ్గించాలన్నది ఆ కంపెనీ లక్ష్యం. ఆ లక్ష్యం అందినా, అనుమతి పడిన రోజు నుంచి మూడేళ్లు దాటుతుంది. ఇంత క్లిష్టమైన స్పోర్ట్స్ కారుకు అంతకంటే ఎక్కువే పట్టవచ్చని నా అభిప్రాయం.

సమాధానం (కర్నూలు)

కడప సార్ చెప్పిన దశలతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఒక్క విషయంలో మాత్రం నా ఆలోచన వేరు: దీపాల కంటే ముందే మనకు శబ్దం సమాచారం ఇస్తుంది. 2023 అక్టోబరులో జపాన్ మొబిలిటీ షోలో నిస్సాన్ చూపించిన హైపర్ ఫోర్స్ పూర్తి ఎలక్ట్రిక్ కాన్సెప్టు. 1,000 కిలోవాట్ల శక్తి, సాలిడ్ స్టేట్ బ్యాటరీ దాని లెక్కలు. అదే దారిలో వెళ్తారా, లేక ఇంజనుకు మోటారు జత చేసి హైబ్రిడ్ చేస్తారా అన్నదే నాకు అసలు ప్రశ్న. ఆర్35 యూరప్ మార్కెట్ నుంచి 2022లో తప్పుకోవలసి వచ్చింది అక్కడి శబ్ద నిబంధనల వల్లనే కనుక, పాత 3.8 లీటర్ల ట్విన్ టర్బో వీ6ను యథాతథంగా తీసుకురావడం కుదరదు. నాకు హైబ్రిడ్ మీదే నమ్మకం ఉంది. జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్‌లో తిరిగే హైబ్రిడ్, ఎలక్ట్రిక్ టెస్ట్ కార్లకు పసుపు రంగు గుండ్రటి స్టిక్కరు అంటిస్తారు; ప్రమాదం జరిగితే లోపల హై వోల్టేజీ ఉందని సహాయక సిబ్బందికి తెలియడానికి. పాత బాడీతో ఉన్న నిస్సాన్ మీద ఆ పసుపు స్టిక్కరు కనిపించి, ఇంజను చప్పుడు కూడా వినిపించిన రోజు నేను పండగ చేసుకుంటాను.

చోటు విషయానికి వస్తే, 20.8 కిలోమీటర్ల ఆ ట్రాకును జీటీ-ఆర్ వదలదు. 2007లో 7 నిమిషాల 38 సెకన్లు, 2013లో నిస్మో (నిస్సాన్ రేసింగ్ విభాగం) కారుతో 7 నిమిషాల 8 సెకన్లు అక్కడ నమోదు చేసిన తరువాత కొత్త కారును ఆ గడియారం ముందు నిలబెట్టకుండా ఉండరు. చలి పరీక్షలు మాత్రం ఉత్తర జపాన్‌లోని హొక్కైడోలో ఉన్న సొంత ట్రాకులో, గోడల వెనుక చేసుకోగలరు. అందుకే కంపెనీయే స్వయంగా ముసుగు కారును జనం ముందుకు తెచ్చే సందర్భాన్ని గమనించండి. టొయోటా సుప్రా ఏ90ని 2018 జూలైలో ఇంగ్లండ్‌లోని గుడ్‌వుడ్ వేడుకలో స్టిక్కర్లతోనే నడిపి, 2019 జనవరిలో డెట్రాయిట్‌లో ముసుగు తీశారు.

ప్రశ్న అడిగినవారు (అనంతపురం)

ఇద్దరికీ కృతజ్ఞతలు. మ్యూల్ దశ గురించి నాకు ఇంత వివరంగా తెలియదు. మరి మన రోడ్ల మీద టెస్ట్ కారును చూసే అవకాశం ఉందా?

సమాధానం (కడప)

ఆ ఆశ పెట్టుకోకండి. కియా సెల్టోస్ వంటి కారును ఇక్కడే తయారుచేసి ఇక్కడే అమ్ముతారు కనుక మన ఎండ, మన గుంతలు, మన పెట్రోలు అన్నీ దానికి పరీక్షలే. జీటీ-ఆర్ దిగుమతి కారు. ఆర్35 మన దేశానికి జపాన్ తరువాత తొమ్మిదేళ్లకు, 2016 డిసెంబరులో, 1.99 కోట్ల రూపాయల ధరకు వచ్చింది. అయితే 2018లో మారిన నిబంధనల ప్రకారం, అంతర్జాతీయ ప్రమాణాల ధ్రువీకరణ ఉన్న రైట్ హ్యాండ్ డ్రైవ్ కార్లను ఒక కంపెనీ ఏడాదికి 2,500 వరకు ఇక్కడ మళ్లీ హోమోలోగేషన్ (అమ్మకానికి ముందు చేసే అనుమతి పరీక్షలు) చేయించకుండానే తెచ్చుకోవచ్చు. జపాన్ కారు ఎలాగూ రైట్ హ్యాండ్ డ్రైవే. కాబట్టి ఈసారి అనుమతుల పేరుతో తొమ్మిదేళ్లు ఆగవలసిన పని లేదు. దిగుమతి సుంకం, కొనేవారి సంఖ్య చూసుకుని కంపెనీ నిర్ణయించుకోవాలి.

ఆ టోక్యో మోటార్ షో ఇప్పుడు జపాన్ మొబిలిటీ షో పేరుతో 2023లో, 2025లో జరిగింది. ఇప్పుడు రెండేళ్లకొకసారి జరుపుతున్నారు. 2005లో ప్రోటోను చూపినట్లు 2027 షోలో ఏదైనా చూపిస్తే, అక్కడి నుంచి రెండేళ్లు లెక్కపెట్టుకోండి. చూపించకపోతే లెక్క ఇంకా మొదలుకానట్లే.