చిన్న పచ్చడి సీసా మీద బార్‌కోడ్ స్కాన్ కావట్లేదు
కూకట్‌పల్లిలో మాది చిన్న పచ్చళ్ల బ్రాండ్. బార్‌కోడ్ నంబర్లు ఇచ్చే జీఎస్1 ఇండియాలో తీసుకున్న, 890తో మొదలయ్యే 13 అంకెల నంబరే వాడుతున్నాం. 500 గ్రాముల సీసా టక్కున స్కాన్ అవుతుంది. 100 గ్రాముల సన్న సీసా మాత్రం సూపర్‌మార్కెట్ కౌంటర్‌లో స్కాన్ కాదు, అంకెలు టైప్ చేయాల్సిందే. వెనక లైన్ ఉంటే బిల్లు కొట్టే అబ్బాయి మొహం చూడలేం! లేబుల్ ఊడదీసి బల్ల మీద పరిస్తే వెంటనే స్కాన్ అవుతోంది.

సీసా వ్యాసం 45 మి.మీ., కోడ్ వెడల్పు దాదాపు 30 మి.మీ. (ప్రామాణిక సైజులో 80 శాతం), ఇంకా తగ్గించకూడదట. తెలుపు మీద నలుపే, రెండు పక్కలా ఖాళీ ఉంది. మెరిసే లామినేషన్ మార్చి మ్యాట్ వేయించినా తేడా లేదు.

కోడ్‌ను 90 డిగ్రీలు తిప్పి, గీతలు నిచ్చెన మెట్లలా వచ్చేలా వేద్దామని ప్రింటింగ్ అతను అంటున్నాడు. కొత్త లేబుల్ రోల్ ఆర్డర్ ఇచ్చేముందు అడుగుతున్నా: సన్న సీసాల మీద ఇలా తిప్పి వేసినవాళ్లకు కౌంటర్‌లో సరిగ్గా స్కాన్ అవుతోందా?