అప్‌డేట్: పాత జీపు వెనక ఇరుసు లీకేజీ ఆగింది

మా పాత విల్లీస్ జీపు వెనక బ్రేక్ డ్రమ్ములోకి గేర్ ఆయిల్ కారుతోంది, ఆయిల్ బయటికి రాకుండా ఆపే సీలు ఒక్కటి మారిస్తే చాలా, బేరింగులూ మార్చాలా అని అడిగాను కదా, రెండూ మార్పించాను. చక్రాన్ని తిప్పే ఇరుసు షాఫ్ట్ బయటికి తీస్తే బేరింగ్ రోలర్ల మీద గుంటలు, షాఫ్ట్ మీద సీలు అంచు ఆనే చోట గోటికి తగిలేంత గాడి. అలాంటి గాడి మీద ఎంత మంచి సీలు వేసినా నిలవదు, అందుకే ఆ గాడి మీద పల్చటి స్లీవ్ (లోహపు తొడుగు) ఎక్కించాం.

బ్రీదర్ (ఇరుసు లోపలి గాలి బయటికి పోయే చిన్న దారి) చూడమన్నవాళ్లకు చాలా థాంక్స్. మట్టితో పూర్తిగా మూసుకుపోయింది, ఇరుసు వేడెక్కినప్పుడు లోపలి గాలికి దారి లేక ఆయిల్‌ని సీళ్ల మీదికి నెట్టేస్తోంది. నూనె పీల్చిన బ్రేక్ లైనింగులు కడిగి వాడదామని మెకానిక్ అన్నాడు గానీ నేను ఒప్పుకోలేదు, రెండు వైపులా కొత్తవే వేయించాను. షిమ్‌లతో (పల్చటి లోహపు రేకులతో) షాఫ్ట్ ఆట, అంటే అటూ ఇటూ కదిలే వదులు, సరిచేసి 90 గ్రేడ్ గేర్ ఆయిల్ పోశాం. డ్రమ్ము ఇప్పుడు పొడిగా ఉంది.