మోదిల్యానీ గీసిన ఈ స్త్రీ బరువు మోస్తోందా, లేదా?

అందరికీ నమస్కారం. ఇటలీ చిత్రకారుడు, శిల్పి మోదిల్యానీ గీసిన కారియాటిడ్ బొమ్మల్లో ఒకటి వారం రోజులుగా నన్ను వదలడం లేదు. బొమ్మలు చూడటం అలవాటున్నవాళ్లు కాస్త సాయం చేయండి.

కారియాటిడ్ అంటే పాత గ్రీకు కట్టడాల్లో స్తంభానికి బదులు నిలబెట్టిన స్త్రీ శిల్పం. ఏథెన్స్‌లోని ఎరెక్థియాన్ అనే గుడి మండపంలో ఆరుగురు నిటారుగా నిలబడి కప్పును తలమీద మోస్తుంటారు. ఈ బొమ్మలో స్త్రీ అలా లేదు. మోకాళ్లు మడిచి కూర్చుంది, చేతులు తలపైకి ఎత్తింది, తల ఒక పక్కకి వాలింది. కానీ ఆ చేతుల మీద ఏమీ లేదు! కప్పు ఉండాల్సిన చోట కాగితం అంచు ఉంది, అంతే.

భుజం నుంచి నడుము దాకా ఒకే గీత, పెన్సిల్ ఎత్తకుండా లాగినట్టుంది. తొడ దగ్గరికొచ్చేసరికి మాత్రం అదే వంపు రెండు మూడుసార్లు పడింది. అది దిద్దుబాటా, లేక ఉలి ఎక్కడ పడాలో వెతుక్కోవడమా? 1909 నుంచి 1914 దాకా ఆయన ధ్యాసంతా శిల్పం మీదే కదా, అందుకే రెండోదే నిజమేమో అనిపిస్తోంది.

కళ్లు బాదంగింజల్లా ఉన్నాయి, పాపలు లేవు. ఆఫ్రికా ముసుగుల ప్రభావం అని సరిపెట్టుకోవచ్చు గానీ, నాకు ఆమె లోపలికి చూసుకుంటున్నట్టే ఉంది.

ఇంతకీ నా అసలు సందేహం: ఆమెది మోత భంగిమా, నాట్య భంగిమా? ఏ గీతను చూసి అలా అంటున్నారో కూడా చెప్పండి, దయచేసి.