నాన్న ల్యాప్‌టాప్ పాస్‌వర్డ్ మర్చిపోయారు, లెక్కలు పోకుండా తెరవొచ్చా?

ఎరువుల కొట్టు ఖాతాలన్నీ ఆ విండోస్ 11లోనే ఉన్నాయి. రిపేరు కుర్రాడేమో "ఫార్మాట్ కొట్టేద్దాం" అంటున్నాడు. నాన్న అన్నం కూడా సరిగ్గా తినట్లేదు.

జవాబు: ఫార్మాట్ జోలికి పోకు తమ్ముడూ. నాన్నగారిది మైక్రోసాఫ్ట్ ఖాతా అయితే ఫోన్లోనే పాస్‌వర్డ్ మార్చి, ల్యాప్‌టాప్‌కి నెట్ కలిపి కొత్తది కొట్టు. లోకల్ ఖాతా (ఆ ల్యాప్‌టాప్‌లో మాత్రమే ఉండేది) అయితే ఒకసారి తప్పు పాస్‌వర్డ్ కొట్టాక రీసెట్ లింకు వస్తుంది. ఖాతా తెరిచినప్పుడు పెట్టుకున్న మూడు ప్రశ్నలకు జవాబులు చెప్పాలి. అవెవరికి గుర్తుంటాయిలే!

ఇంకో జవాబు: నీలం తెర మీద బిట్‌లాకర్ (డిస్కుకి విండోస్ వేసే తాళం) కీ అడిగితే కంగారుపడొద్దు. ఆ 48 అంకెలు చాలాసార్లు అదే మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటాయి.

అడిగిన తమ్ముడు: మైక్రోసాఫ్ట్ ఖాతానే, అన్నా. ఓటీపీ పాత సిమ్‌కి పోతోంది, అది అమ్మ డబ్బా ఫోన్లో ఉంది. తెరుచుకుంది!