ట్రాన్స్ మహిళల్లో హెచ్ఐవీ నివారణ పని: ఫలితం కొలిచేదెలా?

ప్రశ్న: మా దగ్గర పంచిన కండోమ్‌ల లెక్క తప్ప వేరే ఆధారం లేదు. పని ఫలిస్తోందని ఎలా తేల్చాలి?

జవాబు 1: కలిసిన సార్లను కాదు, మనుషుల్ని లెక్కపెట్టండి. ఒకరినే పదిసార్లు కలిస్తే రిపోర్టులో పదిమంది అయిపోతారు. ఒక్కొక్కరికీ ఒక కోడ్ ఇచ్చి పరీక్ష, ఫలితం అందడం, ప్రెప్ (హెచ్ఐవీ సోకకుండా ముందుగానే వాడే మందు) మొదలు, 3 నెలల తర్వాత కొనసాగింపు, అన్నీ దాని మీదే రాయండి. ఎక్కడ జారిపోతున్నారో తెలుస్తుంది.

జవాబు 2: ఆ కోడ్‌లో పాత పేరు అక్షరాలు మాత్రం వద్దు, అది అవమానం. పుట్టినప్పుడు నమోదైన లింగం, ఇప్పటి గుర్తింపు విడివిడిగా అడగండి. లేదంటే పురుషుల లెక్కలో కలిసిపోతారు.

జవాబు 3: ప్రెప్ మానేసినవాళ్లను కారణం అడగండి. ప్రెప్ వల్ల తాము వాడే స్త్రీ హార్మోన్లు పనిచేయవేమోనన్న భయం తరచూ బయటపడుతుంది. ప్రెప్‌లో వాడే టెనోఫోవిర్ మాత్రలు ఈస్ట్రోజన్ (స్త్రీ హార్మోన్) స్థాయిని తగ్గించవని కౌన్సెలింగ్‌లో చెప్పారా లేదా అన్నదీ నమోదు చేయాలి.